కొవ్వు చల్లారకముందే

ఫిబ్రవరి 20, 1961. సోమవారం

పదకొండు రోజులుగా ఈ పుస్తకం తెరవలేదు. ఇవాళ తొమ్మిదో తారీకు ఉదయం గురించి రాస్తాను. ఉదయం వరకే.

గురువారం. ఐదున్నరకి లేచాను. మోకాళ్ళ మీద పావుగంట ప్రార్థన. కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పట్టి ఉంది. కెటిల్ పెట్టి, పొయ్యిలో నిన్నటి బూడిద తీసేసరికి తమ్ముడు ఎమ్లిన్ దగ్గుకుంటూ మెట్లు దిగాడు. ఇరవై ఏళ్ళు గనిలో పీల్చిన దుమ్ము పొద్దున్నే లేస్తుంది వాడితో పాటు. టీ నిలబడే తాగాడు. రెండో కెటిల్ వ్యాన్ కోసం. చలికాలంలో వేడినీళ్ళు పొయ్యకపోతే ఇంజన్ కదలదు.

"లేవండి రాణీగారూ, స్వాన్సీ రైలు మన కోసం ఆగదు" అంటూ హ్యాండిల్ తిప్పుతున్నాడు. నాన్న కొనకముందు ఆ ఆస్టిన్ వ్యాన్ కార్డిఫ్‌లో లాండ్రీ బట్టలు మోసేది. పక్కలకి రెండు, వెనక ఒకటి, మూడు తలుపులు. బట్టల మూటలు ఎటునుంచైనా దించొచ్చని. పదేళ్ళు మేం అందులో చేపలు వేయించి అమ్మాక కూడా ఎండ రోజున చెక్కల్లోంచి సబ్బు వాసన వస్తుందంటాడు ఎమ్లిన్. నాకెప్పుడూ రాలేదు. అందుకే వాడు దానికి లాండ్రీ రాణి అని పేరు పెట్టాడు.

ఏడింటికి చేపల పెట్టెలతో స్టేషన్ నుంచి తిరిగొచ్చాడు. మంచుముక్కలు దులిపి, నేను ముళ్ళు తీస్తూ కూర్చున్నాను. తొమ్మిదింటికి చెల్లెలు టెగ్వెన్ వచ్చింది, హేడన్‌ని గని ఆఫీసుకి పంపేసి. చేతిలో ఎండుద్రాక్ష రొట్టెలు, గుడ్డలో చుట్టి, ఇంకా వేడిగా.

"ఏం అన్నయ్యా, నీ రాణి ఇవాళ త్వరగా లేచినట్టుందే?"

"నిన్ను చూసి సిగ్గుపడి లేచింది. నువ్వు తొమ్మిదింటికా రావడం?"

"మా ఆయన మేజోళ్ళు వెతకడానికే ఎనిమిదయింది. నీకేం, పెళ్ళామా పిల్లలా. మేజోళ్ళు పెద్దక్కే చేతికిస్తుంది."

"నాకు రెండే జతలు. ఒకటి కాళ్ళకి, ఒకటి దండేనికి. వెతికే పనేముంది?"

యంత్రంలో తొక్క పోయాక బంగాళాదుంపల కళ్ళు తీయడం టెగ్వెన్ పని. దాని చెయ్యి ఆగడం ఎవరూ చూడలేదు. తర్వాత పాత పేపర్లు కత్తిరించింది. చావుకబుర్ల పేజీలు విడిగా పెట్టింది. పొట్లం కట్టడానికి ఆ పేజీ వాడకూడదని నాన్న నియమం. "ఎవరి అమ్మ పేరు మీదో ఎవరో వెనిగర్ కారుస్తారు" అనేవాడు. మధ్యలో పాట అందుకుంది టెగ్వెన్. నేను కింది స్వరం పాడాను. ఎమ్లిన్ వ్యాన్ కిందనుంచి మూడోది పాడాడు, దగ్గు రానంతసేపు.

పన్నెండింటికి బొగ్గు ఎక్కించాడు. బాణలిలో చేపలు వేయించే కొవ్వు, గడ్డకట్టి తెల్లగా. గీత కూడా లేదు దాని మీద.

ఆ ఉదయంలో ఏ తప్పూ లేదు.

ఫిబ్రవరి 21

సాయంత్రం రాయకుండా ఉదయం ఒక్కటే రాస్తే సగం కాగితమే అవుతుంది. రాస్తాను. కొండమీది ఇళ్ళ వరసలో అమ్మకం అయిపోయింది. పొయ్యి ఆర్పాం. కొవ్వు చల్లారకముందే ఎమ్లిన్ వ్యాన్ కదిపాడు. కింది మలుపులో బాణలి పొర్లింది. టెగ్వెన్ కుడిచెయ్యి, తొడ కాలిపోయాయి.

అందరికీ తెలిసింది ఇదే.

ఫిబ్రవరి 23. గురువారం

పెద్దాసుపత్రికి బస్సులో వెళ్ళొచ్చాను. టెగ్వెన్‌కి కాలని తొడ చర్మం తీసి చేతికి అతుకుతారట. నన్ను చూసి నవ్వింది.

హేడన్ వరండాలోనే నన్ను ఆపాడు. వ్యాన్ అమ్మేయాలని పట్టుబడుతున్నాడు. ఈస్టర్ ముందు శుక్రవారం లోపల. ఏడాది మొత్తంలో చేపలు ఎక్కువ పోయే రోజు అదే కాబట్టి అప్పటికల్లా కొనాలనుకునేవాడు దొరుకుతాడు. "తాగి నడిపేవాడి చేతిలో మళ్ళీ ఆ బండి పెడితే దేవుడు కూడా మనల్ని క్షమించడు, వదినా."

"మూడేళ్ళుగా వాడు చుక్క ముట్టలేదు, మరిదిగారూ."

"ఆ మధ్యాహ్నం సారాదుకాణం వెనక గుమ్మంలోంచి రావడం ఇద్దరు చూశారు."

దుకాణంవాళ్ళ వంటింట్లో చేపలు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. ప్రతి గురువారం వెళ్తాడు. చెప్పాను. హేడన్ తల ఊపాడు. నమ్మనివాడు ఊపినట్టు.

వ్యాన్ పోతే ఎమ్లిన్‌కి ఇంకేం లేదు. ఆ ఊపిరితిత్తులతో మళ్ళీ గనిలోకి దిగనివ్వరు. నలభై ఆరేళ్ళవాడు, నలుగురూ తాగుబోతనే మనిషి, ఈ లోయలో ఇంకెవరి దగ్గర పని అడుగుతాడు?

ప్రార్థిస్తున్నాను.

ఫిబ్రవరి 24

నిన్న హేడన్ మళ్ళీ అడగలేదు. మొదటి రోజు అడిగాడు. తొమ్మిదో తారీకునే, ఆసుపత్రి బెంచీ మీద, నా గౌనుకింకా కొవ్వు వాసన వేస్తుండగా. "వదినా, బండి కదపమని మీరు చెక్క మీద కొట్టారా? కొట్టకుండానే కదిపాడా?"

"నేను ప్రార్థనలో ఉన్నాను" అన్నాను.

అది నిజం.

ఫిబ్రవరి 26. ఆదివారం

నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. మా మందిరంలో ఆడమనిషిని ఎన్నుకోవడం ఇదే మొదలు. పాస్టర్ గారు అన్నారు, "ఇంత కష్టంలో కూడా ఈ సోదరి మొహంలో శాంతి చూడండి." అందరూ చూశారు.

ఎమ్లిన్ వెనక బల్ల మీద కూర్చున్నాడు. వాడి బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు.

మార్చి 1. బుధవారం

మా దేశపు పండగ. బ్లాడ్వెన్ పక్కింటినుంచి ఉల్లికాడల సూపు తెచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించకుండా, "ఏం ఎమ్లిన్, ఇవాళైనా మొహం కడిగావా? ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయాలంటే ముందు గడ్డం గీసుకో" అంది. నలుగురిలో ఆమె ఒక్కతే వాడితో ఇంకా మామూలుగా మాట్లాడేది. వాడు నవ్వాడు. గడ్డం గీసుకున్నాడు కూడా.

తర్వాత నన్ను దొడ్లోకి పిలిచాడు. వ్యాన్ శుభ్రంగా కడిగి పెట్టాడు. లోపల బాణలి చుట్టూ గీకిన గుర్తులు.

"అక్కా, నువ్వు లోపల నుంచో. గరిటె కాడతో చెక్క మీద రెండు దెబ్బలు కొట్టు. నేను ముందు కూర్చుంటా. నాకు ఎలా వినిపిస్తుందో చూడాలి."

నాకూ డ్రైవరు సీటుకీ మధ్య ఒక్క చెక్క అడ్డం. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే పద. డ్రైవరు వెనక్కి తిరిగి అడగకూడదు, లోపలివాళ్ళు చెప్పిందే మాట అని నాన్న నియమం.

కొట్టాను.

చెక్క అవతలనుంచి, "ఇలాగే వినిపించింది అక్కా. అచ్చం ఇలాగే. దేవుడి సాక్షిగా" అన్నాడు. మళ్ళీ తనే, "లేకపోతే ఏ మూత చప్పుడో నేనే దెబ్బలనుకున్నానా?"

"పొయ్యి మూత కావచ్చు" అన్నాను.

"కావచ్చు" అన్నాడు.

సూపు చల్లారిపోయింది. ఇద్దరం తినలేదు.

మార్చి 5. ఆదివారం

సంఘ పెద్దల బల్ల ముందువరసలో. మొదటిసారి కూర్చున్నాను. చెక్క చల్లగా ఉంది.

మార్చి 7

బ్రెడ్ వ్యాను అతను మా వీధిలో ఆగి, ఎమ్లిన్‌ని చూసి కిటికీ దించకుండానే పోయాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ కొండ ఎక్కుతూ దిగుతూ ఎదురుపడితే హారన్ కొట్టుకునేవాళ్ళు. ఎమ్లిన్‌కి ఈ లోయలో తిరిగే ప్రతి బండీ తెలుసు. గనివాళ్ళ జీతాల వ్యాన్‌కి కిటికీల్లేవని, లైబ్రరీ వ్యాన్ కుడివైపు ఎందుకు ఒరుగుతుందో, బ్రెడ్ వ్యాన్ అరలు ఎన్నో. దేనికి ఏ పని కోసం ఏం మార్చారో చెప్పమంటే మనుషుల గురించి చెప్పినట్టు చెప్తాడు.

ఇవాళ ఇంట్లోకొచ్చి తలుపు వేసుకున్నాడు.

మార్చి 9. గురువారం

నెలయింది. ఇక్కడ, ఈ పుస్తకంలో అయినా రాయాలి. ఇది ఎవరూ చదవరు.

పొయ్యిలోంచి నిప్పు తీసేశాక కొవ్వు చల్లారడానికి ఎంతసేపో నాన్న గడియారంతో కొలవలేదు. బైబిల్లో అన్నిటికంటే పెద్ద కీర్తనతో కొలిచాడు. ఇరవై రెండు భాగాలు, ఒక్కో భాగం తర్వాత కాసేపు మౌనం. ఆఖరి మాట అయ్యేసరికి కొవ్వు మీద మీగడలా పొర కడుతుంది, చెయ్యి తగిలినా బొబ్బ లేవదు. అప్పుడు ఆమెన్. అప్పుడు రెండు దెబ్బలు. నాన్న బయటికి చదివేవాడు. క్యూలో ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూడా టోపీ తీసి నిలబడేవాళ్ళు. నాన్న పోయాక ఆ పని నాకొచ్చింది. నేను కళ్ళు మూసుకుని లోపలే చెప్పుకుంటాను. ఆమెన్ మాత్రం బయటికి అంటాను. మధ్యలో ఎన్ని భాగాలు అయ్యాయో నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నరకి మందిరంలో సమావేశం. సంఘ పెద్దల పేర్లు ప్రతిపాదించే రోజు. నా పేరు చెప్తారని పాస్టర్ గారి భార్య చెవిలో వేసింది. అమ్మకం ఆలస్యమయింది. ఏడు ముప్పావుకి నిప్పు తీశాం.

తొమ్మిదో భాగం దగ్గర ఆమెన్ అన్నాను.

రెండు దెబ్బలు కొట్టింది నేనే.

దేవుడి పనికే కదా తొందరపడ్డాను అని రాశాను ఇప్పుడు. కొట్టేశాను. మళ్ళీ రాశాను. అది కూడా కొట్టేశాను. అక్కడ నా పేరు చెప్పేటప్పుడు నేను కూర్చుని ఉండాలనుకున్నాను. తల దించుకుని. అంతే.

మార్చి 10

రాస్తే తేలికవుతుందనుకున్నాను.

మార్చి 12. ఆదివారం

నిన్న సాయంత్రం ఆరింటికి బ్లాడ్వెన్ ఎమ్లిన్‌ని భుజం పట్టుకుని తీసుకొచ్చింది. మూడేళ్ళ తర్వాత. కుర్చీలో కూర్చోబెట్టి బూట్లు విప్పింది.

"తిట్టకు కెటూరా" అంది నాతో. "వాణ్ణి తాగుబోతు తాగుబోతని నెలరోజులు అన్నారు. చివరికి వాడే వాళ్ళ మాట నిలబెట్టాడు."

నేను తిట్టలేదు. ఎమ్లిన్ నా మొహం వంక చూసి, "నా తల పనిచెయ్యట్లేదక్కా" అన్నాడు. "లేని దెబ్బలు వినిపించినవాడికి రేపు ఇంకేం వినిపిస్తాయో. బండి బావ అమ్మేస్తేనే మంచిది. నా చేతిలో ఉంటే ఇంకెవరినో కాలుస్తాను."

నాలుక చివరిదాకా వచ్చింది. బ్లాడ్వెన్ ఉంది గదిలో. ఆమె వెళ్ళేసరికి వాడు నిద్రపోయాడు.

ఇవాళ నేను మందిరానికి వెళ్ళాను. వాడు రాలేదు.

మార్చి 13

హేడన్‌కి తెలిసిపోయింది. "నేను చెప్పానా!" అన్నాడు గుమ్మంలోనే. సంతోషంగా కాదు, పాపం. అలసిపోయి. రోజూ పని అయ్యాక బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నాడు. టెగ్వెన్ ఇంటికి వచ్చాక ఇరవై తొమ్మిదిన అందరం కూర్చుని తేల్చేద్దామన్నాడు. ఈలోగా ఐస్‌క్రీం అమ్మే కావెల్లి మా బండి చూడటానికి వస్తాడట.

మార్చి 18. శనివారం

టెగ్వెన్ ఇంటికి వచ్చింది. నేను రొట్టెలు చేసి తీసుకెళ్ళాను. హేడన్ బజారుకి వెళ్ళాడు. టెగ్వెన్ వేళ్ళు అన్నీ ఉన్నాయి. కానీ మూడు వంగవు. ఒళ్ళో పేపరు పెట్టుకుని ఎడమచేత్తో పొట్లం మడవడం నేర్చుకుంటోంది. నాలుగుసార్లు ఊడిపోయింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి పక్కకి తీసుకుంది.

"పెద్దక్కా, కూర్చో. మాట్లాడాలి."

కూర్చున్నాను.

"నేను నీ ఆమెన్ విన్నాను. రెండు దెబ్బలూ విన్నాను."

బకెట్ కడుగుతున్న చప్పుడులో దానికి వినపడలేదనుకున్నాను. స్పృహ తప్పాక ఏదీ గుర్తులేదని డాక్టరుతో అన్నది కదా అనుకున్నాను. నిజానికి అలా జరగాలని కోరుకున్నాను.

"అప్పుడే అయిపోయిందా అనుకున్నాను" అంది. "అడగాల్సింది. ఇంటికి త్వరగా పోవచ్చులే అని ఊరుకున్నా. ఆ వరకు తప్పు నాది కూడా."

"నీ తప్పేం లేదు."

"ఉంది. నువ్వు పంచకు, పంచితే తగ్గుతుందనుకోకు. నీది నీకే ఉంది."

దాన్ని చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిప్పాను. అమ్మ పోయేసరికి దానికి నాలుగేళ్ళు.

"మరి హేడన్‌కి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని. మొదటి ఆదివారం చెప్తావనుకున్నా. తర్వాత, పెద్దక్కని సంఘ పెద్దని చేశారు, ఇప్పుడు నిలబడి చెప్తుంది అనుకున్నా. మంచం మీద పడుకుని అదే అనుకునేదాన్ని. అబద్ధం ఆడితే నాలుక మీద సబ్బు రాసింది ఎవరు మాకు? నువ్వు కాదూ?" గొంతు పెంచలేదు. "అన్నయ్య మళ్ళీ తాగాడట. ఆయన చెప్పాడు. తెలిసినరోజు రాత్రంతా చెయ్యి నొప్పి తెలీలేదు నాకు."

"చెప్తాను."

"ఇరవై తొమ్మిదిన. అందరి ముందూ. ఆ రోజు కూడా నువ్వు నోరు విప్పకపోతే నేను చెప్తాను. నాకు ఆ పని పెట్టకు పెద్దక్కా. నీ మీద నేను చెప్పే దాకా తేకు."

తర్వాత టీ అడిగింది. ఇచ్చాను. కప్పు ఎడమచేత్తో పట్టుకుంది. కొంచెం ఒలికింది. తుడవలేదు, తుడవనివ్వలేదు.

మార్చి 19. ఆదివారం

ఇవాళే ఎమ్లిన్‌కి ఒక్కడికి చెప్దామనుకున్నాను. ముందుగా. వాడు మధ్యాహ్నం పడుకున్నాడు.

మార్చి 21

వాన.

మార్చి 22

వాన. ఎమ్లిన్ దగ్గు ఎక్కువయింది. ఈ స్థితిలో చెప్తే తట్టుకోలేడేమో. తగ్గాక చెప్తాను.

మార్చి 23

తగ్గింది. చెప్పలేదు.

మార్చి 25

ఇన్నేళ్ళూ నాకు ప్రార్థన వచ్చనుకున్నాను. పదిరోజులుగా మోకాళ్ళ మీద కూర్చుని నేను అడుగుతున్నదల్లా, నేను చెప్పకుండానే ఏదో ఒకటి జరిగి అంతా సర్దుకోవాలని. ఈ మాట ఇవాళ పొద్దున్న నా చెవులకే వినపడింది. లేచిపోయాను, ముగించకుండా.

మార్చి 28. మంగళవారం

కావెల్లి వచ్చాడు. మర్యాదస్తుడు. గుమ్మంలోనే టోపీ తీశాడు. "మిస్ ప్రాబర్ట్, మీ నాన్నగారి చేపలకి అలవాటు పడ్డవాణ్ణి నేను. మా అమ్మకి తెలిస్తే చంపేసేది, ఇటలీ వంట వదిలి ఇదేంట్రా అని."

"మీ అమ్మే మా కిటికీ దగ్గరకొచ్చి రెండు పొట్లాలు కొనేది, చర్చికి వెళ్తున్నానని చెప్పి" అన్నాడు ఎమ్లిన్.

"నిజమా? ముసలిది! నాతో ఒక్కసారీ అనలేదు." ఇద్దరూ నవ్వారు. ఎమ్లిన్ నవ్వి ఎన్నాళ్ళయిందో.

కావెల్లి వ్యాన్ మూడు తలుపులూ తెరిచి చూశాడు. పొయ్యి, పొగగొట్టం తీసేస్తాడట. కప్పు కన్నం పూడ్చి, ఆ చోట చల్లటి పెట్టె పెడతాడట. బయట గులాబీ రంగు. ఎమ్లిన్ అన్నీ విప్పి చూపించాడు. అక్కడితో ఆగితే సరిపోయేది.

"చలికాలంలో ముందు వేడినీళ్ళు పొయ్యండి, ఇక్కడ, ఇంకెక్కడా కాదు. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు పైకి పెట్టకండి, వెనక్కి తంతుంది. రెండో గేరులో అలుగుతుంది, తొందరపెట్టకండి, కాసేపు ఆగితే తనే వస్తుంది. స్కూలు దగ్గర దిగుడులో బ్రేకు నమ్మొద్దు. గేరులో దించండి." కావెల్లి తల ఊపుతున్నాడు. ఎమ్లిన్ ఆపట్లేదు. "వాన రోజున ఎడమ తలుపు ఉబ్బుతుంది. భుజంతో నెట్టండి, మెల్లిగా, కాలితో తన్నొద్దు. ఇంతవరకు ఎవరూ తన్నలేదు దాన్ని."

"నేనూ తన్నను" అన్నాడు కావెల్లి.

రేపు సాయంత్రం మాట చెప్తామని పంపించాం. ఎమ్లిన్ దొడ్లో నిలబడి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు, చేతులు ఎప్పుడో ఆరిపోయినా. కిటికీలోంచి చూస్తూ నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను.

మార్చి 29. బుధవారం

టెగ్వెన్ ఇంట్లో. ఆరింటికి. నలుగురమే. బల్ల మీద ఉడకబెట్టిన మాంసం, బంగాళాదుంపలు. ఎవరూ గిన్నె ముట్టకముందే నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పడం రాలేదు.

"రెండు దెబ్బలు కొట్టింది నేనే. పెద్ద కీర్తన పూర్తి చెయ్యలేదు. తొమ్మిది భాగాలే చెప్పాను. సమావేశానికి ఆలస్యమవుతుందని ఆమెన్ అనేశాను. ఎమ్లిన్‌కి సరిగ్గానే వినిపించింది."

హేడన్ ఫోర్కు కింద పెట్టాడు. "ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగాను వదినా."

"అడిగారు."

"ప్రార్థనలో ఉన్నానన్నారు."

"ఉన్నాను. కొట్టకముందు."

ఆయన మొహం ఎర్రబడింది. నామీద అరుస్తాడనుకున్నాను. ఎమ్లిన్ వైపు తిరిగాడు. "బావా, నేను..." అని ఆగిపోయాడు. "నేను ఆ రోజు తాగావేమోనని నీ నోటి వాసన చూశాను. స్ట్రెచర్ పక్కనే, అందరి ముందు."

"చూశావులే" అన్నాడు ఎమ్లిన్. "నీ భార్య కాలింది. ఎవరైనా చూస్తారు."

ఆయన్ని అంత తేలిగ్గా వదిలేశాడు. నన్ను చూడలేదు. బల్ల మీద గుడ్డ అంచు వేలితో సరిచేస్తున్నాడు.

"అక్కా, పండగ రోజున నువ్వు వ్యాన్లో నుంచుని కొట్టావు. నేను అడిగాను, మూత చప్పుడేమో అని. నువ్వు కావచ్చన్నావు."

"అన్నాను."

"దెబ్బలు కొట్టడం సంగతి వదిలెయ్. తొందర, ఎవరికైనా ఉంటుంది. ఆసుపత్రిలో భయపడ్డావు, అదీ అర్థమవుతుంది. కానీ ఆ రోజు మనిద్దరమే ఉన్నాం. అడిగింది నేను. నా మతి పోయిందా అని అడిగాను నిన్ను."

"నీ మతి పోలేదు" అన్నాను. అది చాలదని అంటుండగానే తెలిసింది.

టెగ్వెన్ ఏడవలేదు. వంగని చేతిని ఒళ్ళో పెట్టుకుని, "కూర్చో పెద్దక్కా, భోజనం చల్లారిపోతోంది" అంది. కూర్చున్నాను. తిన్నాం. ఉప్పు ఎవరో అడిగారు, ఎవరో అందించారు.

తిన్నాక నిర్ణయించినవి.

వ్యాన్ అమ్మడం లేదు. కావెల్లికి రేపు పొద్దున్న హేడన్ స్వయంగా వెళ్ళి చెప్తాడు, కారణంతో సహా. కారణం దాచవద్దని ఎమ్లిన్ అనలేదు, హేడనే అన్నాడు. శుక్రవారం వ్యాన్ కొండ మీదికి వెళ్తుంది, ఎమ్లిన్ నడుపుతాడు. బాణలి దగ్గర బ్లాడ్వెన్ ఉంటుంది, ఒప్పుకుంటుందని టెగ్వెన్ నమ్మకం. టెగ్వెన్ కిటికీ దగ్గర కూర్చుని ఎవరికేం కావాలో అడుగుతుంది. హేడన్ ఒక గడియారం కొని లోపల బిగిస్తానన్నాడు. ఎమ్లిన్ వద్దన్నాడు. నాన్న పద్ధతే ఉండనీ, కానీ బయటికి చదవాలి, క్యూలో ఆఖరి మనిషికి వినపడేలా, తప్పితే ఎవరైనా తప్పిందని అనేలా, అన్నాడు. తనే చదువుతాడట. దగ్గొస్తే ఆగి చదువుతాడట.

ఈస్టర్ ఆదివారం మందిరంలో నేను నిలబడి చెప్పాలి. ఇది టెగ్వెన్ మాట. ఏడవకుండా, క్షమాపణల గురించి ప్రసంగం చెయ్యకుండా, జరిగింది మాత్రం. సంఘ పెద్ద పదవి సంగతి వాళ్ళే చూసుకుంటారు. ఒప్పుకున్నాను.

ఎమ్లిన్ శనివారం టెగ్వెన్ ఇంటికి మారతాడు. ఇది వాడే అన్నాడు. దాని చెయ్యి పనిచెయ్యదు, ఇంట్లో మనిషి కావాలి కదా అన్నాడు. ఎన్నాళ్ళకని నేను అడగలేదు, వాడు అనలేదు. వ్యాన్ కూడా వాళ్ళ దొడ్లోనే ఉంటుంది. అందుకని చేపలు బాగుచెయ్యడం, బంగాళాదుంపలు ఒలవడం ఇకనుంచి అక్కడే.

పొద్దున్నపూట నేను వచ్చి ఒక చెయ్యి వెయ్యనా అని అడిగాను. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఈస్టర్ తర్వాత ఆలోచిద్దామని నిర్ణయించారు.